పోయిన ప్యాకెట్లు సున్నా

మార్చి 4
మా కంకర క్రషర్ ప్లాంటులో తొమ్మిది నెట్‌వర్క్ స్విచ్‌లు. అన్నింటినీ కలుపుతూ ఒకే కేబుల్ రింగు. ఒకచోట తెగితే సమాచారం రెండోవైపు నుంచి తిరిగి వస్తుంది. రద్దీ ఎక్కువైతే ప్యాకెట్లు, అంటే ఆ సమాచారం ముక్కలు, స్విచ్‌లోని బఫర్‌లో ఆగి, వంతు వచ్చాక కదులుతాయి. కెమెరాల ప్యాకెట్లు రాలిపోతున్నాయని మేనేజరు నెలనెలా సతాయిస్తున్నాడు. ఇవాళ బఫర్లన్నీ బాగా పెంచేశాను. రాళ్ళు మోసే బెల్టులను ఆపే కమాండ్లకు ముందు వంతు ఇవ్వాలి. ఒక రోజు పని. తర్వాత చూద్దామనుకున్నాను.

ఏప్రిల్ 1
రిపోర్టులో పోయిన ప్యాకెట్లు సున్నా. మేనేజరు భుజం తట్టాడు. కంట్రోల్ రూమ్ ఆపరేటరు మా బావే. ఏ చెత్తా పారెయ్యని మీ అక్కలాగే ఉన్నాయి బామ్మర్దీ నీ స్విచ్‌లు, అన్నాడు.

ఏప్రిల్ 19, సాయంత్రం 5
మధ్యాహ్నం లారీ వెనక్కి వస్తూ రింగు కేబుల్ తెంపింది. రద్దీ అంతా ఒకవైపే పడింది. కాసేపటికే ఐదో బెల్టు దగ్గర ఫిట్టరు చెయ్యి రోలరులో ఇరుక్కుంది. వాకీటాకీలో కేక విని బావ స్టాప్ నొక్కాడు. బెల్టు వెంటనే ఆగలేదు. మూడు వేళ్ళు పోయాయి.

ఏప్రిల్ 20
లాగ్ చూశాను. బావ నొక్కింది 2:41:07కి. బెల్టుకు కమాండ్ చేరింది 2:41:11కి. కెమెరా బొమ్మల వెనక, ప్రతి బఫర్‌లోనూ ఆగుతూ వెళ్ళింది.

ప్యాకెట్ ఒక్కటీ పోలేదు.

ఏప్రిల్ 22
మేనేజరు బెల్టు ఆగిన టైము ఒక్కటే చూశాడు. కేక వినపడ్డాక ఇంతసేపు ఏం చేస్తున్నావు, నిద్రపోయావా అని బావను అందరి ముందూ నిలదీశాడు. నన్ను అడిగితే నెట్‌వర్క్‌లో లోపం లేదన్నాను.

ఏప్రిల్ 25
అక్క ఇంటికి వెళ్ళాను. లోపలి సంగతులు తెలిసినవాడివి, నిజంగా మీ బావదే తప్పా చెప్పరా, అని అక్క అడిగింది. బావే అడ్డుపడ్డాడు. వాణ్ణి ఎందుకు ఇరికిస్తావు, నా చెయ్యే మొద్దుబారిందేమో, అన్నాడు. అంటూ కుడిచేతి వేళ్ళు ముడిచి విప్పి చూసుకున్నాడు. మంచినీళ్ళు తాగి వచ్చేశాను.

ఏప్రిల్ 26
ఉద్యోగం పోతుందని భయం. నిజం చెప్పకపోవడానికి ఇంకేం కారణం లేదు.

మే 2
లాగ్ ప్రింటు తీసి మేనేజరు టేబుల్ మీద పెట్టాను. బఫర్లు పెంచింది నేనేనని రాసి సంతకం చేశాను. ఆయన రెండుసార్లు చదివాడు. మీ బావ నిన్ననే తప్పు ఒప్పుకుని రాజీనామా రాసిచ్చాడు, ఆ ఏడుపేదో నిన్న ఏడవకపోయావా, అన్నాడు. రేపటి నుంచి నన్ను రావద్దన్నాడు.

మే 3
బావకు చెప్పాను. కమాండ్ దారిలో ఎంతసేపు ఆగింది అని అడిగాడు. నాలుగు సెకన్లన్నాను. మంచం పట్టె మీద వేలితో కొడుతూ మెల్లగా నాలుగు లెక్కపెట్టాడు.

అంతసేపా, అన్నాడు.