సైరన్‌కు ఆగిన ఆట

బాపూ,

నువ్వు పోయి ఏడాదైనా, ఇవాళ నీ వల్లే మా మీద ఒక గోల్ పడింది.

మన అమ్మాయిల ఫుట్‌బాల్ క్లబ్బుకు ఇది మూడో సీజన్. నాగపూర్ జట్టు మొదటిసారి మన గ్రౌండుకే వచ్చింది. గని గేటు ఎదురుగా ఉన్న ఆ గ్రౌండు చుట్టూ మన బాబుపేట్ బస్తీ అంతా నిలబడి చూసింది. తొలి సీజన్లో నువ్వు గని నుంచి తెచ్చిన తోలు గ్లవ్సుతో గోల్ కాసిన నాకు ఇప్పుడు అసలైన కీపర్ గ్లవ్సు ఉన్నాయి.

ఆట మధ్యలో నాలుగింటి సైరన్ మోగింది. అంతే, మేం పదకొండు మందిమీ ఉన్నచోటే ఆగి గేటు వైపు తిరిగాం. షిఫ్టు దిగి, మొహాన బొగ్గుతోనే నువ్వొచ్చే వేళ కదా; నువ్వొస్తే గానీ మా ప్రాక్టీసు మొదలయ్యేది కాదు. నాగపూర్ అమ్మాయి ఒక్క క్షణం బిత్తరపోయి, బంతిని తీరిగ్గా గోల్లోకి నెట్టింది.

"ఏందే, గట్ల నిలబడ్డరు! బాల్ జూడుర్రి!" అని అమ్మ ఒకటే అరుపు.

రోషమొచ్చి రెండు గోల్స్ కొట్టాం. గెలిచాం బాపూ! అమ్మ తిట్టుకుంటూనే అందరికీ చాయ్ పోసింది.

చాయ్ తాగుతూ, నీ తర్వాత ఇప్పుడు మాకు కోచ్‌గా ఉన్న సరోజక్క అంది: "రేపటి సంది ప్రాక్టీసు పొద్దుగాల పెట్టుకుందాం. ఈ సైరన్ అలవాటు పోతది."

"పోవద్దక్కా," అన్నాం, పదకొండు మందిమీ.