పొయ్యి మీద ఉన్నంతసేపూ

మా ఉండలయ్యకు,

అక్క దీవెనలు. ఈ పేరుతో నిన్ను పిలిచి ఎన్నేళ్ళయిందో. నాన్న పెట్టిన పేరు. ఆయన పోయాక పిలవాలంటే నాకు నోరు రాలేదు. ఇవాళ కాగితం ముందు పెట్టుకుంటే అదే ముందుగా వచ్చి కూర్చుంది.

మరదలు ఫోను చేసింది. నీ గుండెలో వాల్వు మార్చాలట, వచ్చే గురువారం పొద్దున్న పదింటికి ఆపరేషనట. "పెద్ద ఆపరేషనే వదినా, డాక్టరు భరోసా ఏమీ ఇవ్వలేదు" అంది. తర్వాత, "ఆయన మీకొక మాట చెప్పమన్నారు. మీరేమీ అనుకోకండి. తన కోసం ప్రార్థన చెయ్యొద్దన్నారు" అంది. సరేనన్నాను. ఫోను పెట్టేసి కుట్టుమిషను ముందు కూర్చుంటే ఎంతసేపటికీ సూదిలోకి దారం ఎక్కలేదు.

నీ మాట కాదని చెయ్యలేను. చెయ్యకుండా ఉండనూ లేను. నువ్వు ప్రార్థనకు ఎందుకు దూరమయ్యావో నాకు తెలుసు. అందులో నా పాలు ఎంతో నీకు తెలియదు. ఫోనులో చెప్పే మాట కాదు, అందుకని రాస్తున్నాను. గురువారం లోపల నువ్వు ఇది చదవాలి.

బైండింగు షాపు వెనక మన రెండు గదులు గుర్తున్నాయా? పొద్దున్న కళ్ళు తెరిచేసరికి ఇల్లంతా జిగురు వాసన. నాన్న మైదాపిండిలో నీళ్ళు పోసి, పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం వేసి, స్టవ్ మీద పెట్టి మన చేతికి చెక్క గరిటె ఇచ్చేవాడు. "పొయ్యి మీద ఉన్నంతసేపూ చెయ్యి ఆగకూడదు. ఆగితే ఉండ కడుతుంది" అనేవాడు. నేను తిప్పితే వెన్నలా వచ్చేది. నువ్వు వీధిలో ఎవరి గొంతు వినపడినా తల అటు తిప్పేవాడివి. ఆరిన అట్టను అరచేత్తో తడిమి, "ఒరే ఉండలయ్యా, దీని కింద బఠాణీలు దాచావేంట్రా?" అని నాన్న నవ్వేవాడు. నీ ముఖం ఇంత చిన్నదయ్యేది. నీ జిగురు ఉండలు కట్టకూడదని కూడా నేను రోజూ దేవుణ్ణి వేడుకునేదాన్ని. నీకెప్పుడూ చెప్పలేదు కానీ.

నాన్న ఆసుపత్రిలో చేరేనాటికి నాకు పదమూడు, నీకు పది. ఆ ఉపాయం నాదే. ప్రార్థన కూడా జిగురులాంటిదే, మధ్యలో ఆపితే చెడిపోతుంది అన్నాను. నువ్వు వెంటనే నమ్మేశావు. నాది పొద్దుటి బడి, నీది మధ్యాహ్నం బడి. కాబట్టి పొద్దున్న నీ వంతు, మధ్యాహ్నం నా వంతు, అయిదింటికి బడి వదిలాక మళ్ళీ నీ వంతు. షాపులో కాగితం రీములకీ గోడకీ మధ్య సందులో కూర్చునేవాళ్ళం. ఒకరు అందుకున్నాకే రెండోవాళ్ళు ఆపాలి. నువ్వు వచ్చి నా చెయ్యి పట్టుకుని "నాన్నను బాగుచెయ్యి, నాన్నను బాగుచెయ్యి" అని మొదలుపెట్టేదాకా నేను లేచేదాన్ని కాదు. ఒకసారి నోట్లో అన్నం ముద్దతో చెప్పబోయి పొలమారి, "అక్కా, దేవుడికి మాట అర్థమై ఉంటుందంటావా?" అని అడిగావు. పద్దెనిమిది రోజులు అలా గడిచాయి. నిజం చెప్పనా, అంత భయంలోనూ ఆ సందంటే నాకు ఇప్పటికీ ఇష్టం. కొత్త కాగితం వాసన, నా మోకాలికి తగులుతూ నీ మోకాలు.

పంతొమ్మిదో రోజు అమ్మ నన్ను బడి మాన్పించి ఆసుపత్రికి తీసుకెళ్ళింది. నాన్న దుప్పటి అంచు పళ్ళతో కరిచిపట్టి ఉన్నాడు. నన్ను చూసి, వదిలి, నవ్వాడు. నేను చూడటం లేదనుకుని మళ్ళీ కరిచాడు. ఇంటికొచ్చి నా వంతుకు కూర్చుంటే 'బాగుచెయ్యి' అనే మాట రాలేదు. "ఇంక చాలు, తీసుకుపో, నాన్నను తీసుకుపో" అన్నాను. ఒకసారి కాదు. నీ కోసం ఎదురుచూస్తూ అదే అన్నాను. అయిదు దాటినా నువ్వు రాలేదు. దీపాలు పెట్టకముందే ఆసుపత్రి నుంచి కబురు వచ్చింది.

వీధి చివర మైదానంలో ఉన్న నిన్ను బంతితో సహా పట్టుకొచ్చారు. "తండ్రి ప్రాణం మీద ఉంటే వీడికి ఆటలు కావలసి వచ్చాయి" అని పెద్దమ్మ అందరి ముందూ అంది. నువ్వు ఏడవలేదు. నా దగ్గరికి వచ్చి, "నా వంతులో నేను లేనక్కా" అన్నావు, అంతే. అప్పుడైనా నేను నోరు విప్పాల్సింది. విప్పలేదు. ఆ రోజు నుంచి అమ్మ ఎంత బతిమాలినా నువ్వు ప్రార్థనకు కూర్చోలేదు, గుమ్మం బయటే నిలబడ్డావు. నాన్న నీ వల్లే పోయాడని నువ్వు అనుకుంటూ పెరుగుతుంటే, నేను నీ పక్కనే కూర్చుని అన్నం తింటూ పెరిగాను.

నన్ను అందరూ భక్తురాలంటారు. మిషను తొక్కుతున్నా నా పెదవులు కదులుతూనే ఉంటాయి. "పైవాడితో బేరమా, పోట్లాటా?" అంటుంది పక్క మిషను ఆవిడ. రెండూ కాదు. ఆ రోజు అన్న మాటకు క్షమించమని ముప్పై ఏడేళ్ళుగా గరిటె తిప్పుతున్నాను. నాన్న నీ వంతు తప్పినందుకు పోలేదు తమ్ముడూ. పోవాలని అడిగింది నేను. నువ్వు మోస్తున్న బరువు నాది, నాకిచ్చెయ్యి. తిట్టాలనుంటే తిట్టు. తిట్టాక, నీ కోసం ప్రార్థన చేసుకోనివ్వు.

నీ అక్క

*

అక్కా,

పోస్టులో వేస్తే నా ఆపరేషను పాతబడ్డాక అందుతుందని, మీ ఊరి బస్సు డ్రైవరు చేతికి ఇచ్చి పంపుతున్నాను. కవరు ఊడిపోయి వస్తే ఆయన్ను అనుమానించకు. అంటించింది నేను.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ మరదలు ఒకసారి చదివి మూడుసార్లు ఏడ్చింది. ఇప్పుడు నేను చెప్పేది విను.

ఆ రోజు నేను వచ్చాను. అయిదు కాగానే పరుగున, సంచీ భుజం మీద ఉండగానే వచ్చాను. రీముల ఇవతల నిలబడి నీ చెయ్యి అందుకోబోతే, నువ్వు "చాలు, తీసుకుపో" అంటున్నావు. తర్వాతి వంతు నాది. బాగుచెయ్యమంటే నీ మాటకు అడ్డం పడినట్టు. నీలాగే అడుగుదామంటే నోరు రాలేదు. పదేళ్ళవాణ్ణి, నాకేం తోస్తుంది? బంతి తీసుకుని వెళ్ళిపోయాను. ఆడలేదు. ఊరికే గోడకు కొట్టడం, పట్టుకోవడం. పెద్దమ్మ తిట్టింది గానీ, ఎందుకు వెళ్ళావని అడగలేదు, అదే నయం. అడిగితే నీ మాట బయటపడేది. పనికిమాలినవాడు అనిపించుకోవడం నాకేం కష్టం కాలేదు, అప్పటికే అలవాటు. వంతులో లేనని నీతో అన్నది కూడా, నేను విన్న సంగతి నీకు తెలియకూడదనే. గుమ్మం బయట నిలబడ్డదీ అందుకే. పక్కన కూర్చుంటే ఎప్పుడో ఒకప్పుడు నోరు జారతానని భయం. తర్వాత తర్వాత బయటే బాగుంది.

ఇప్పుడు ప్రార్థన వద్దన్నది కోపంతో కాదు. నేను ఆ బల్ల మీద నుంచి లేవకపోతే, నీ ప్రార్థనలోనే ఎక్కడో లోపం జరిగిందని మిగిలిన బతుకంతా బాధపడతావు. నాకు తెలుసు కదా నీ సంగతి. నీ మాటకు నిజంగా అంత బలముంటే, నా జిగురు ఏనాడో ఉండలు కట్టడం మానేసేది. ఇప్పటికీ కడుతూనే ఉంది. కావలిస్తే వచ్చి చూసుకో.

ఇంకొకటి. నాన్న చెప్పినదాంట్లో నువ్వు సగమే పట్టుకున్నావు. నేను ఈ బైండింగు పనిలోనే ఉండిపోయాను కాబట్టి మిగతా సగం నాకు గుర్తుంది. "పొయ్యి మీద ఉన్నంతసేపూ చెయ్యి ఆగకూడదు. దించాక ముట్టుకోకూడదు" అనేవాడు. దించాక కూడా తిప్పుతూ కూర్చుంటే పట్టు వదిలేస్తుంది. నాన్నను ఎప్పుడో దించేశాం అక్కా.

గురువారం మత్తు ఇచ్చేదాకా నా వంతు. నాకు నీలాగా మాటలు రావు, మొదలుపెట్టి మాత్రం ఉంచుతాను. తర్వాత నువ్వు అందుకో. ఒకటే షరతు. నేను దించమన్నప్పుడు దించాలి. నేను చెప్పలేకపోతే మీ మరదలు చెబుతుంది. అప్పుడైనా సరే, దించాలి.

నీ ఉండలయ్య

*

ఉండలయ్యా,

ఆపరేషను గది బయట బల్ల మీద కూర్చుని రాస్తున్నాను. లేచాక చదువుకుందువు గాని.

నిన్ను తోసుకెళ్తుంటే నీ పెదవులు కదులుతున్నాయి. తలుపు దగ్గర నా చెయ్యి పట్టుకున్నావు, ఆ సందులో పట్టుకున్నట్టే. ఏమంటున్నావో వినపడలేదు. నేనూ అడగలేదు. 'బాగుచెయ్యి' అని అందుకున్నాను. దాని వెనకే అలవాటుగా 'క్షమించు' అనబోయి ఆపుకున్నాను. అది తీసేస్తే నా ప్రార్థన ఎంత చిన్నదో ఇవాళే తెలిసింది.

కాగితం తీసి నాలుగు ముక్కలు రాసేసరికి, ప్రార్థన ఆగిపోయిందని ఉలిక్కిపడ్డాను. పక్కకు చూస్తే మరదలి పెదవులు కదులుతున్నాయి. కళ్ళు తెరవకుండానే, "మీరు రాసుకోండి వదినా, నేను అందుకున్నాను" అంది. నీకెవరు నేర్పారన్నాను. "నిన్నంతా మీ తమ్ముడు శిక్షణ ఇచ్చారు. మధ్యలో ఆపితే కొత్త వాల్వు ఉండ కడుతుందట" అంది. ఇద్దరం నవ్వేశాం. ఎదుటి బల్ల మీద పెద్దాయన మమ్మల్ని వింతగా చూశాడు.

ఇది శుక్రవారం పొద్దున్న రాస్తున్నాను. నిన్న సాయంత్రం డాక్టరు వచ్చి ఆపరేషను పూర్తయింది, రేపు మెలకువ వచ్చాక గానీ ఏమీ చెప్పలేనన్నాడు. మళ్ళీ మా వంతులు మొదలుపెట్టాం.

ఇప్పుడే నర్సు వచ్చింది. కళ్ళు తెరిచావట, నోట్లో గొట్టం తీశారట. ఇంకో రెండు రోజులు జాగ్రత్తగా ఉండాలంది. వెళ్ళబోతూ ఆగి, "అక్క అంటే మీరేనా? జిగురు దించెయ్యమంటున్నారు. మత్తు పూర్తిగా దిగినట్టు లేదు. ఇంట్లో ఏమైనా పొయ్యి మీద పెట్టి వచ్చారా?" అని అడిగింది.

"అవునమ్మా, పెట్టి చాలా రోజులైంది" అన్నాను.

దించాను తమ్ముడూ. ఇంక ముట్టుకోను.

నీ అక్క