చేయి ఆనించకుండా

జూన్ 3, మంగళవారం
ఎల్బీనగర్ పార్కులో వ్యాయామం క్లాసు. మొదటి రోజు. అందరం నలభై దాటినవాళ్లమే. సుజాత మేడమ్ చాపల మీద కూర్చోమన్నారు. కూర్చోవడం నాకు నేర్పాలా... దిల్‌సుఖ్‌నగర్‌లో మా దుకాణంలో పొద్దస్తమానం పరుపు మీద బాసింపట్టు వేసుకుని చీరలు చూపిస్తూనే ఉంటాను. "ఇప్పుడు చేయి ఆనించకుండా లేవండి" అన్నారు.

లేవలేకపోయాను. ఒక చేయి, రెండో చేయి, చివరికి పక్కావిడ భుజం. తల కొట్టేసినట్టయింది.

జూన్ 4
"దుకాణంలో ఎన్నిసార్లు లేస్తారండీ?" — మేడమ్. ఆలోచిస్తే... లేవను. జరుగుతాను. కాటన్ నుంచి పట్టు దాకా పరుపు మీదే జరుగుతూ పోతాను. అరలన్నీ నా చేతికందేలా పెట్టించింది మా ఆయనే, నేను కష్టపడకూడదని. పొద్దున కూర్చుంటే మళ్లీ అన్నానికే లేచేది.

"మరి తొడల్లో బలం ఎక్కణ్ణుంచి వస్తుందండీ? డెబ్బై ఏళ్లకి మిమ్మల్ని ఎవరు లేపుతారు?"

ఆ మాట ఇంకా చెవిలోనే ఉంది.

జూన్ 6
మెట్రో మెట్లు దిగుతుంటే తొడల నొప్పికి దేవుడు కనిపించాడు. అయినా రేపు క్లాసుకి వెళ్తా.

జూన్ 11, బుధవారం
దుకాణంలో కార్పెంటర్. కొలతలు తీస్తున్నాడు. పరుపు తీసేసి కౌంటర్ పెడతారట, నాకు తిరిగే కుర్చీ అట. మా ఆయన నన్ను అడగనే లేదు.

"నీ మోకాళ్ల కోసమే గదా అరుణా. ఇంకెన్నేండ్లు కింద కూసుంటవ్?"

ఒళ్లు మండింది. గిరాకీ నా పక్కనే కూర్చుని, చీర ఒళ్లో పరుచుకుని, పిల్ల పెళ్లి ముచ్చట్లన్నీ చెప్పేది ఆ పరుపు మీదే. పోచంపల్లి నుంచి వచ్చిన కొత్తలో ఈ ఊళ్లో నాకు మనుషులు దొరికింది అక్కడే. కౌంటర్ అవతల నిలబడి ఎవరు ఏం చెబుతారు?

"ఒక్క నెల ఆగుండ్రి" అన్నాను.
"ఆగితె ఏమైతది?"
"సూద్దురు."

జూన్ 12
పట్టుచీరలన్నీ పై అరలోకి ఎక్కించాను. ఇక చీర కావాలంటే లేవాల్సిందే. ఆయన చూసి — "పిచ్చి లేసిందా? గిరాకి ముందట పడితె ఇజ్జత్ ఏంగాను?" నా నడుం ఏమవుతుందో అడగలేదు, ఇజ్జత్ సంగతి అడిగారు!

జూన్ 20
ఇప్పుడు ఒక్క చేయి చాలు.

జూన్ 24
వాన. క్లాసు లేదు. మంచం అంచున కూర్చుని లేవడం, మళ్లీ కూర్చోవడం. పాలు పొంగిపోయాయి.

జూన్ 29, ఆదివారం
లేచాను! మేడమ్ చెప్పినట్టే — పక్కకి తిరిగి, ఒక మోకాలి మీదకి వచ్చి, రెండో పాదం గట్టిగా నేలకి నొక్కి. చేతులు గాల్లోనే ఉన్నాయి. క్లాసంతా చప్పట్లు. ఇంటికొచ్చేదాకా నవ్వు ఆగలేదు. ఆయనకి చెప్పలేదు. దుకాణంలోనే చూడనీ.

జూలై 4, శుక్రవారం
ఆషాఢం సేల్. నాగోల్ నుంచి పెళ్లివారు, శ్రావణంలో ముహూర్తమట. పెళ్లికూతురి తల్లి "ఆ పైదోసారి చూపించండి... ఆ పక్కన ఆకుపచ్చది కూడా" అంటూనే ఉంది. అడిగిన ప్రతిసారీ లేచాను. చేయి ఆనించలేదు, ఒక్కసారి కూడా.

"మీకు మోకాళ్ల నొప్పుల్లేవా అండీ? అదృష్టవంతులు."

అదృష్టం కాదమ్మా, చెమట. పైకి అనలేదు. కానీ గల్లాపెట్టె దగ్గర ఆయన అన్నీ వింటున్నారు, అది చూశాను. గర్వంగా ఉంది. రాసుకోవడానికి సిగ్గెందుకు? యాభై రెండేళ్లొచ్చాక మొదటిసారి నా ఒంటిని చూసుకుని గర్వపడుతున్నాను.

జూలై 5
కార్పెంటర్ ఫోన్ చేశాడు. చెక్క తెచ్చాడట, సోమవారం పని మొదలుపెడతాడట. నేనడిగిన నెల ఇంకా నిండనే లేదు.

జూలై 6, ఆదివారం
సాయంత్రం చూపించిన చీరలు గుట్టగా మిగిలాయి. మడతపెట్టడానికి ఆయన కూడా పరుపు మీద కూర్చున్నారు. ఎప్పుడూ గల్లా దగ్గర స్టూలే కదా... ఆయన కింద కూర్చుని ఎన్నేళ్లయిందో. మడతలయ్యాయి. నేను లేచాను. ఆయన లేవలేదు. మడతపెట్టిన చీరనే విప్పి మళ్లీ మడతపెడుతున్నారు.

కాసేపటికి, తల ఎత్తకుండా — "చెయ్యియ్యి."

ఇవ్వబోయి ఆగాను.

"పక్కకు తిరుగుండ్రి. ఒక మోకాలి మీదికి రాండ్రి. నేన్ ఈడనే ఉన్న."

వచ్చారు. అక్కడే ఆగిపోయారు, రొప్పుతూ. చివరికి అర పట్టుకునే లేచారు. నడుం సర్దుకుంటూ, షట్టర్ వైపు చూస్తూ అడిగారు — "మీ క్లాసుల మొగోళ్లను రానిస్తరా?"

"రానిస్తరు."

కౌంటర్ ఎవరి మోకాళ్ల కోసమో ఇప్పుడు ఇద్దరికీ తెలుసు. రేపు ఆరింటికి క్లాసు. పదింటికి కార్పెంటర్. రావద్దని ఆయన ఇంకా ఫోన్ చేయలేదు.