అరసెంటు మీది పండ్లు

కీనర్స్ మిల్, ఒహాయో
1908 నవంబరు 9

ప్రియ సహోదరుడు లెమ్యుయెల్ వాండర్‌వీర్‌కు,

దేవుని కృప నీకూ, క్లీవ్‌లాండులో నీ కూతురి ఇంటిల్లిపాదికీ తోడై ఉండాలని కోరుతూ ఒబడయా ట్రికెట్ వ్రాయునది. ఇక్కడ నేను క్షేమం. మోకాళ్ళు ప్రార్థనకు బాగానే వంగుతున్నాయి గానీ, లేవడానికే మొరాయిస్తున్నాయి.

చిమ్మెటా తుప్పూ తినేసే ధనం గురించి నేను ప్రసంగిస్తుంటే, "మీ దేవుడికి చెవుడా ఒబడయా, అంతలా అరుస్తావు? నీకంటే నా నాణేలే నయం, నోరు మూసుకుని ఉంటాయి" అని నిండు సభలో అనేసి, టోపీ పెట్టుకుని వెళ్ళినవాడివి మళ్ళీ రాలేదు. ఆ ప్రసంగంలో ఒక్క మాటా వెనక్కి తీసుకోను. కానీ ఇప్పుడు వ్రాస్తున్నది నాణెం సంగతే.

మొన్న ఆదివారం ముసలి డోర్కస్ పెల్ కానుకల సంచిలో ఒక రాగి అరసెంటు నాణెం వేసింది. 1843 నాటిది. సువార్తలో రెండు కాసులు వేసిన ఆ బీద విధవరాలే నా కళ్ళముందు నిలబడింది. మన కోశాధికారి స్టోట్ లేడూ, "దేవుడి సొమ్ము మెరవాలి కదండీ" అంటూ దాన్ని వెనిగరులో ముంచి బూడిదతో తోమబోయాడు. నేను పెట్టిన కేకకు అదిరిపోయి, "నరకం గురించి చెప్పినప్పుడు కూడా ఇంత అరవలేదండీ మీరు" అన్నాడు. అరవనా మరి, తోమితే నాణెం పాడవదూ? నాణేన్ని అంచులు పట్టుకునే ఎత్తాలి, ముఖం మీద వేలు పెడితే వేలు విరుస్తానని నాకు నేర్పింది నువ్వే కదా! బొమ్మ చుట్టూ ఉన్న నున్నటి ఖాళీలో నా గడ్డం కనబడింది, అద్దంలో కనబడ్డట్టు. సంతలో తిరగడానికి కాదు, చూసుకోవడానికి టంకశాలలో ప్రత్యేకంగా కొట్టిన నాణెం. తిరిగి ఇవ్వబోతే డోర్కస్, "దేవుడికిచ్చింది మళ్ళీ పుచ్చుకుంటానా, బుద్ధి ఉందా నీకు?" అని కసిరింది.

నువ్వు చెప్పేవాడివి: వెనకవైపు ఆకుల దండలో పండ్లు పెద్దవైతే ఆ ఏడే కొట్టిన అసలుది, దొరకనే దొరకదు, చిన్నవైతే తర్వాతెప్పుడో వేరే అచ్చుతో మళ్ళీ కొట్టింది. ఏదో నాకు తేలడం లేదు. పౌలు అన్నట్టు అంతా మసకగా ఉంది. నీ భూతద్దం పట్టుకుని రా.

ఉత్తరం వైపు కిటికీ దగ్గర నీ కుర్చీ అలాగే ఉంది. నాణెం చేయి జారితే దెబ్బ తగలకుండా శనివారాలు మనమధ్య పరుచుకునే ఫ్లానెల్ గుడ్డ ఉతికి ఆరేశాను. ఈ ఊళ్ళో నేనేమన్నా ఆమెన్ అనేవాళ్ళే అందరూ. కాదనేవాడు ఒక్కడూ లేడు. పడ్డవాణ్ణి లేపడానికి పక్కన మనిషుండాలని సొలొమోను ఊరికే అన్నాడా?

ప్రభువునందు నీ సహోదరుడు,
ఒబడయా ట్రికెట్

తా.క. కవరు అతికించబోయి ఆగాను. నా కళ్ళు బాగానే ఉన్నాయి లెమ్. పండ్లు చిన్నవే. చూసిన క్షణమే తెలిసింది. దీనికోసం ఎవరూ అంత దూరం రైలెక్కరు. అయినా రా. వచ్చి, "చిన్నవేరా మూర్ఖుడా" అని నువ్వే చెప్పు. అరవను.