మా ఇంటికొచ్చిన సైకాలజీ సీటు

సెవిల్, లేవగానే అమ్మ చేసిన రవ్వ హల్వా బిల్డింగంతా పంచిపెట్టు. పై ఇంటి మునెవ్వర్ అత్త పొద్దున్నే తలుపు కొట్టి, "మీ ఇంట్లో పిచ్చి డాక్టరు పుట్టిందటగా! ముందు వాళ్ళక్కనే చూడమను" అనేసి పోయింది. ఆవిడకి కాస్త తక్కువ పెట్టు. రిజిస్ట్రేషన్‌కి నీ ఫొటోలు, సర్టిఫికెట్లు నా బల్ల మీద ఉన్నాయి.

ఇస్తాంబుల్‌లో సైకాలజీ సీటంటే మాటలు కాదు. నాకు కుళ్ళుగానే ఉంది, దాచను. ఆరేళ్ళ క్రితం నాకూ ఆ సీటుకి సరిపడా ర్యాంకు వచ్చింది. నాన్న మాట విని కంప్యూటర్స్ మొదట పెట్టి, సైకాలజీ రెండో ఆప్షన్‌గా పెట్టా. మొదటిది వచ్చేస్తే ఇక రెండోదాని మొహం కూడా చూడరుగా. అందుకే ఇవాళ కూడా ఎవరో చేసిన తప్పులు దిద్దడానికి ఆఫీసుకి పోతున్నా.

కంగ్రాట్స్ సాయంత్రం చెప్తా. బస్సులో ప్రాక్టీస్ చేసుకోవాలి.

బెర్రిన్ అక్క

ఇంకో మాట. ఆ రోజు ఆప్షన్లు పంపేముందు ఓసారి చూడమని ఫోన్ నా చేతికిచ్చి స్నానానికి వెళ్ళావు కదా, ఉద్యోగం రాదేమోనని భయపడి నువ్వు కూడా సైకాలజీని రెండోదిగా పెట్టి, నర్సింగ్‌ని పైన పెట్టావు. నువ్వొచ్చాక కూడా పావుగంట నోరు మూసుకుని కూర్చున్నా. ఆ తర్వాతే మార్చమన్నా. ఆ పావుగంట నాకేమైందో చదువయ్యాక చెప్పు.