బొచ్చుకుక్కకు జన్మదిన శుభాకాంక్షలు

నవంబర్ 1, ఉదయం 5.40

లేచాను! అలారం కంటే ముందే!

తీర్మానం: ఇవాళ్టి నుంచి పద్నాలుగో తారీఖు దాకా రోజుకో బాలగేయం. మొత్తం పద్నాలుగు. అంశం: దేశాధినేతల పెంపుడు జంతువులు.

మా సాయిదుర్గ రెండో తరగతి. పోయినేడు బాలల దినోత్సవానికి స్టేజీ ఎక్కి, మైకు ముందు నిలబడి, ఒక్క ముక్క మాట్లాడకుండా దిగొచ్చి వాళ్ళమ్మ కొంగులో తలదూర్చింది. ఈ ఏడు తనంతట తనే పేరిచ్చింది. "మా నాన్న రాసిన పాట చెప్తాను" అని టీచరుకి చెప్పేసింది కూడా. "ఊళ్ళో అందరికీ రాస్తావుగా నాన్నా, నాకొకటి రాయవా?" అంది.

నిజమే. అవనిగడ్డ సెంటర్లో పదకొండేళ్ళుగా ఫ్లెక్సీల షాపు నాది. దివిసీమలో పుట్టినరోజు చేసుకున్న ప్రతి నాయకుణ్ణీ సింహమనీ పులనీ రాసింది ఈ చెయ్యే. సొంత కూతురికి ఒక్క లైను రాయలేదు. సిగ్గేసింది.

ఇక అంశం సంగతి. మొన్న ఫోన్లో ఒక వీడియో చూశాం. ఎవరో దేశాధ్యక్షుడు విమానం దిగుతున్నాడు. ఆయన కంటే ముందు ఆయన కుక్క దిగింది. కంగారులో సైనికులు దానికే సలాం కొట్టేశారు. సాయిదుర్గ మంచం మీద దొర్లి దొర్లి నవ్వింది.

నియమాలు:
1. షాపు తెరిచేలోపు గేయం పూర్తి కావాలి.
2. సింహం, పులి, ముద్దుబిడ్డ, ఆశాజ్యోతి నిషేధం.
3. ఏ దేశం పేరూ రాయను. రాస్తే ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు.

నవంబర్ 2, ఉదయం 6.15

వచ్చేసింది!!

అధ్యక్షుల వారింట బొచ్చుకుక్క
ఆపకుండా తింటుంది రొట్టెముక్క
సలాము కొడతారు సైనికులు
తోకూపి ఇస్తుంది దీవెనలు!

సాయిదుర్గ పళ్ళు తోముకుంటూనే నేర్చేసుకుంది. నురగతోనే పాడింది. బడికెళ్ళే ఆటోలో కూడా పాడిందట. పద్నాలుగేం ఖర్మ, యాభై రాయగలను.

నవంబర్ 4, ఉదయం 7.10

నిన్న కరెంటు లేదు. (పెన్నుకి కరెంటు అక్కర్లేదని బిందు గుర్తు చేసింది. మా ఆవిడకి జ్ఞాపకశక్తి ఎక్కువ.)

రెండో గేయం, రాణిగారి పిల్లి:

రాణిగారి తెల్లపిల్లి
బడుగుల పాలిట కల్పవల్లి
పాలకోసం పోరాటం
ప్రజల కోసం ఆరాటం

బిందు చదివి, "ఏవండీ, ఈ పిల్లి ఏ వార్డుకి నిలబడుతోంది?" అంది.

కొట్టేశాను.

నవంబర్ 6, ఉదయం 8.50

రాజుగారి తాబేలు. "అలుపెరగని పోరాటయోధుడు" అని వచ్చింది. తాబేలు అలుపెరగనిదే కదా! అది వర్ణన, భజన కాదు. అయినా బిందుకి చూపించలేదు.

లెక్క: ఒకటి పూర్తి. ఒకటి కొట్టివేత. ఒకటి పరిశీలనలో.

నవంబర్ 7, సాయంత్రం

గేయం లేదు. తప్పు నాది కాదు. తొమ్మిదో తారీఖున మా ఊరి నాయకుడు గోవర్ధనరావుగారి పుట్టినరోజు. ఆయన ముఖ్య అనుచరుడు భాస్కరరావు బావ (చుట్టం కాదు, ఊరందరికీ బావే) పొద్దున్నే వచ్చి కూర్చున్నాడు. సెంటర్లోకి ఇరవై అడుగుల ఫ్లెక్సీ కావాలి. నడుమ గోవర్ధనరావుగారు, కింద ఇరవై నాలుగు మంది అనుచరుల తలకాయలు. ఎవరి తల ఎవరి తలకంటే ఒక్క అంగుళం పెద్దదైనా పార్టీ చీలిపోతుంది. టేపు పెట్టి కొలిచాడు. నాలుగు గంటలు!

అది అయ్యాక, సాయిదుర్గ గోడకి అంటించుకుంటానన్న పోస్టరు మొదలెట్టాను. టైము కలిసొస్తుందని అదే డిజైన్ వాడాను. గోవర్ధనరావుగారి ఫోటో, పేరు తీసేసి ఆ జాగాలో బొచ్చుకుక్కని పెట్టాను. మిగతావి రేపు తీసేద్దాం. పెద్ద ఫ్లెక్సీ ఫైలు బందరు ప్రెస్సుకి పంపేశాను. ప్రింటు బస్సు పార్సిల్లో వస్తుంది.

నవంబర్ 9, ఉదయం 7.00

అయిపోయాను.

పంపింది కుక్క ఫైలు.

ఫ్లెక్సీలు కట్టే జేమ్స్ నన్నడగనైనా లేదు. నేనిచ్చింది నిటారుగా కట్టడమే అతని పని. సెంటర్లో ఇరవై అడుగుల బొచ్చుకుక్క, నాలుక బయటపెట్టి నవ్వుతోంది. పైన "దివిసీమ ముద్దుబిడ్డకు జన్మదిన శుభాకాంక్షలు". కింద ఇరవై నాలుగు మంది చేతులు జోడించి.

ఉదయం 11.00

బతికే ఉన్నాను.

భాస్కరరావు బావ వచ్చి చాలాసేపు చూశాడు. నా చెవి దగ్గరకొచ్చి, "రాజకుమార్, ఇంత పెద్దగా వేశావంటే ఎవరో చాలా పెద్దవాళ్ళ కుక్కై ఉంటుంది. ఎవరిదని మాత్రం నేనడగను. అడిగితే మాకు తెలీదన్నట్టుంటది" అన్నాడు. అదే మంచిదైంది.

గోవర్ధనరావుగారు కారు దిగారు. చూశారు. "పైనుంచి వచ్చిందా?" అన్నారు మెల్లిగా. బావ తలూపాడు. ఆయన కేకు కోసి, మొదటి ముక్క ఫ్లెక్సీకి చూపించి, తర్వాత నోట్లో పెట్టుకున్నారు.

నవంబర్ 10, మధ్యాహ్నం

అవతలి వర్గం అప్పారావుగారు స్వయంగా షాపుకొచ్చారు. "మాకూ అదే కుక్క కావాలండీ. వాళ్ళకంటే రెండడుగులు పెద్దది. దాని మీద అభిమానం వాళ్ళ ఒక్కళ్ళకేనా?"

సాయంత్రానికి ఆర్డర్లు ఆరు. ఆటోస్టాండు వాళ్ళది కూడా. మెడపట్టీ ఏ రంగు వేసినా ఎవరిదో ఒకరి పార్టీ రంగవుతోంది. పట్టీ తీసేశాను.

ఇవాళ రాసినవి: నినాదాలు పందొమ్మిది ("శునకరత్న", "విశ్వాసానికి నిలువెత్తు రూపం"). గేయాలు: సున్నా. నినాదం కూడా ఒకరకంగా గేయమే కదా? రేపు ఆలోచిద్దాం.

నవంబర్ 12, సాయంత్రం

హెడ్మిస్ట్రెస్ అరుణకుమారిగారు పిలిపించారు. బాలల దినోత్సవానికి ముఖ్య అతిథులు గోవర్ధనరావుగారూ, అప్పారావుగారూ. స్టేజీ వెనక ఫ్లెక్సీకి ఇద్దరికీ అభ్యంతరం లేని ఫోటో ఒక్కటే దొరికిందట. కుక్క.

"మీ గేయం బాగుందండీ. కాకపోతే, ఆపకుండా తింటుందంటే ఎవర్నన్నట్టు? తీసేద్దాం. సైనికుల జోలి మనకెందుకు? తోకూపడం అసలొద్దు. ముందు వరసలో అనుచరులుంటారు."

నేను ఏం చేశాను? పదకొండేళ్ళుగా కస్టమర్ దగ్గర ఏం చేస్తున్నానో అదే. "అలాగేనండీ" అన్నాను. జేబులోంచి పెన్ను తీసి నేనే కొట్టేసిచ్చాను. "బొచ్చు" కూడా బాగోదన్నారు. అదీ కొట్టేశాను.

మిగిలింది: అధ్యక్షుల వారింట కుక్క ఉంది.

ఇంటికొచ్చి సాయిదుర్గకి చెప్పాను. "మరి ఆ కుక్క ఏం చేస్తుంది నాన్నా?" అంది.

"ఏం చెయ్యదమ్మా. ఉంటుందంతే."

అన్నం తినలేదు. గోడవైపు తిరిగి పడుకుంది. పిల్ల కంచం మీద మూత పెట్టింది బిందు.

నవంబర్ 13

రాయలేదు. సాకు కూడా లేదు. రేపు నాలుగింటికే లేచి కొత్తది రాస్తాను. కచ్చితంగా.

నవంబర్ 14, ఉదయం 7.45

ఇప్పుడే లేచాను.

మధ్యాహ్నం 2.30

స్కూలు నుంచి ఇప్పుడే వచ్చాను, చెప్పులు కూడా విప్పకుండా రాస్తున్నాను.

సాయిదుర్గ వంతు వచ్చింది. వెనక నవ్వుతున్న కుక్క, ముందు మా పిల్ల. మైకు పట్టుకుంది. "అధ్యక్షుల వారింట కుక్క ఉంది" అంది. ఆగింది. ఇంకేముంది చెప్పడానికి? పెదవి వంకర తిరిగింది. పోయినేడు ఏడవబోయే ముందు కూడా సరిగ్గా అలాగే తిరిగింది.

నేను లేచి నిలబడ్డాను. "రొట్టెముక్క!" అని అరిచాను. హాలంతా నావైపు తిరిగింది. అరుణకుమారిగారు తల పట్టుకున్నారు.

సాయిదుర్గ నన్ను చూసింది. నవ్వింది. మళ్ళీ మొదటినుంచి ఎత్తుకుంది. బొచ్చుతో సహా! రొట్టెముక్కతో సహా!

"సలాము కొడతారు" దగ్గర ఒక చెయ్యి వెనక కుక్కవైపు తిప్పింది. భాస్కరరావు బావ చటుక్కున లేచి ఫ్లెక్సీకి సలాం కొట్టేశాడు. బావ లేచాడని అప్పారావుగారి మనుషులు లేచారు. మనుషులు లేచారని నాయకులిద్దరూ లేచారు. ముందు చెయ్యి దించిన వర్గం ఓడిపోయినట్టే కాబట్టి ఎవరూ దించలేదు. నాలుగో లైను వాళ్ళ సలాముల మీదే పాడింది మా పిల్ల. తోకూపి, దీవెనలిచ్చి మరీ.

చప్పట్లు ఆగాక మైకులో, "ఇది మా నాన్న రాశారు. తర్వాత రాణిగారి పిల్లి మీద రాస్తారు" అంది.

ఏడ్చాను. చెప్పుకోవడానికి సిగ్గేం లేదు.

నవంబర్ 15, ఉదయం 5.40

లేచాను! అలారం కంటే ముందే!

లెక్క: పద్నాలుగింట్లో ఒకటి. మిగిలినవి పదమూడు, ఇవాళ్టి నుంచి పదమూడు రోజులు. నియమం ఒక్కటే: మా అమ్మాయికి రాసింది ఎవరికోసమూ కొట్టెయ్యను.

రాణిగారి తెల్లపిల్లి...

5.50

బయట తలుపు కొడుతున్నారు. భాస్కరరావు బావ. పిల్లిగారి పుట్టినరోజు ఎప్పుడో అవతలివాళ్ళకంటే ముందు తనకే చెప్పాలట.