అమావాస్యనాడు ఆగని మిషను

చిరంజీవి తమ్ముడు వీరాచారికి కాగజ్‌నగర్ నుంచి నీ అక్క లచ్చవ్వ దీవించి రాస్తున్నది.

తమ్మీ, ఎట్లున్నవు? మోకాలు నొప్పి తగ్గిందా, ఇంక కుంటుతనే ఉన్నవా? పొద్దుగాల మంచుల బయటకు పోకు. మరదలు సుగుణను బీపీ గోలీలు టైముకు ఏసుకోమను. జర మంచిగైతే బంద్ పెడ్తది, దానికి ఆ ఆదత్ ఉన్నది. చిన్నమ్మకు కంటి ఆపరేషన్ అయినంక మనుషులు ఆనుతున్నరా? మీ శ్రీను పెండ్లాం నీళ్ళోసుకున్నదని విన్న, ఇప్పుడు ఎన్నో నెల? బర్రె ఈనిందా? గిన్ని అడుగుతదేంది అనుకోకు. కండ్లు మూసుకుంటే ఒక్కొక్కలు యాదికొస్తరు, అందరికీ ఏదో ఒకటి అయినట్టే అనిపిస్తది.

ఇక్కడ మేము మంచిగున్నం. నేను మంచిగున్న. రవి మంచిగున్నడు. కోడలు స్వప్న, చిన్నపిల్ల మంచిగున్నరు. రంది పెట్టుకోకు.

ఫోన్ల చెప్పరాదా, ఉత్తరం ఎందుకు రాసిందీ అంటవు. ఫోన్ రవి జేబుల ఉంటది. వాడు ఇంటికొచ్చినంకనే మాట్లాడాలె, వాని ముందట ఈ ముచ్చట చెప్పరాదు. నాకు వచ్చిన నాలుగు అక్షరాలతోని రాస్తున్న. తప్పులుంటే దిద్దుకొని చదువు.

ఈ దిక్కు చలి మన హుస్నాబాద్ చలి లెక్క కాదు తమ్మీ. ఎముకల్ల కూసుంటది. నీళ్ళు ముడుతే వేళ్ళు గుంజుతయి. మేముండేది రవి పనిచేసే సేటు షాపు ఎనుకనే ఒక రేకుల అర్ర. బియ్యం దొరుకుతయి, జొన్నలు దొరుకుతయి, గాని చింతపండు మంచిది లేదు. పచ్చిపులుసు చేస్తే పులుపే తగలది. నలుగురిలో సగం మంది మరాఠి కలిపి మాట్లాడుతరు. నన్ను "ఆజీ" అంటరు. అవ్వ అన్నట్టేనట. మర్యాదనే, కాదంటలేను. గాని అక్కా, వదినా, పెద్దమ్మా అని వరస పెట్టి పిలిచే నోరు ఒక్కటి లేదు. పొద్దంతా మిషను చప్పుడే.

ఆ మిషను సంగతే రాద్దామని కూసున్న.

ఊళ్ళ రెడీమేడ్ తలుపులు వచ్చినంక రవికి పని లేకనే గదా ఇటు వచ్చినం. ఇక్కడ సేటు ఒక ఫంక్షన్ హాలు పని పట్టిండు. పెండ్లికొడుకు, పెండ్లిబిడ్డ కూసునే పెద్ద కుర్చీలు, చుట్టాలకు ఇంకిన్ని. అన్నిటికీ చేతులు వంపు తిరిగి ఉండాలె, ఏనుగు తొండం తీరు. కుడిచేయి, ఎడమచేయి అద్దంల చూసినట్టు కలవాలె.

నీ తీరు ఉలి, బాడిశ పట్టి చెక్కుడు కాదు. ముందుగాల ప్లైవుడ్ తోని చేయి వంపుకు అచ్చు లెక్క ఒక ఫర్మా కోసుకున్నడు. ఆ ఫర్మాను టేకు చెక్క మీద పెట్టి పెన్సిల్ గీస్తడు. పట్టీ రంపం మిషను మీద గీతకు జరంత అవతల కోస్తడు. అటెన్క ఫర్మాను చెక్కకు అతికించి ఇంకో మిషను మీద తిప్పుతడు. ఆ బల్లకు నడుమ బొక్క ఉంటది. బొక్కల నుంచి ఒక కత్తి నిలబడి గిర్రున తిరుగుతది, తిరిగేది కంటికి ఆనది. కత్తి మీద ఉన్న చిన్న చక్రం ఫర్మా అంచు పట్టుకొని పోతది, కత్తి చెక్కను అట్లనే చెక్కుతది. రెండో చేతికి ఫర్మాను బోర్లేస్తే సరి. పక్కపక్కన పెడ్తే ఒక్క తల్లి పిల్లలోలె ఉంటయి. నేను చూసి మురిసిన, అబద్ధమెందుకు చెప్పాలె.

గాని చెక్కకు నార ఉంటదని, పిల్లి ఎంటికల లెక్క దువ్విన దిక్కే దువ్వాలెనని రవికి నేర్పింది నువ్వే. వంపు చెక్కకు సగం దాక నార మన దిక్కుంటది, సగం దాటినంక ఎదురు తిరుగుతది. అక్కడ ఆగి, చెక్కను తిప్పి, ఫర్మా మళ్ళ అతికించి అవతలి దిక్కుకెల్లి రావాలె. మొదట్ల రవి అట్లనే చేసిండు. సేటు రోజూ వచ్చి నిలబడుడు మొదలుపెట్టిండు.

"రవీ, ఒక్క చేతికి రెండుమార్లు ఫర్మా ఏందిరా? మాఘమాసం పెండ్లిళ్ళు నీ కోసం ఆగుతయా?"

ఇప్పుడు ఒక్క గుంజుడుకే గుంజుతున్నడు. సగం దాక చప్పుడు ఒక్క తీరు వస్తది. సగం దాటంగనే చప్పుడు మారుతది, కుక్క గుర్రుమన్నట్టు. ఇంట్ల కూసొని నేను ఆ చప్పుడు కోసమే చూస్త. గుర్రుమన్నప్పుడు ఊపిరి పట్టుకుంట, మళ్ళ సాఫ్ అయితే ఇడుస్త. కోడలు చూసి అంటది, "అత్తమ్మా, నీకు బీపీ మిషను పెట్టాల్నా, ఆ మిషను బంద్ పెట్టాల్నా?" అదీ నవ్వుతది, నేనూ నవ్వుత. గాని తమ్మీ, ఆ కత్తికి అడ్డం ఒక మూత ఉండెనట. వంపు చెక్క దాని కింద పట్టది అని పీకి గోడకు తగిలేసిండ్రు. రవి పనికి పోంగనే అంగి ఇప్పి దాని మీదనే ఏస్తడు.

పోయిన అమావాస్యనాడు ఏమైందో చెప్త. మన ఇండ్లల్ల అమావాస్యకు పనిముట్టు ముట్టరు గదా. నేను పొద్దుగాలనే రవి ఉలులు కడిగి, పసుపు కుంకుమ పెట్టి పీట మీద పెట్టిన. వాడు చాయ్ తాగి షాపుకు బయలెల్లిండు.

"ఇయ్యాల అమావాస్య గదరా," అన్న.

"అమావాస్య ఉలికి, బాడిశకు అవ్వా. మిషను కరెంటుది. దానికి ఏ అమావాస్య ఉంటది?"

పుట్టినకాన్నుంచి వాడు అమావాస్యనాడు పని ముట్టుడు అదే మొదటిసారి. సాయంత్రం ఇంటికి వచ్చినప్పుడు ఎడమ అరచేయికి గుడ్డ చుట్టుకొని వచ్చిండు. తలుపుల నలిగిందన్నడు. కోడలు నమ్మింది. నేను నమ్మినట్టు ఊకున్న.

తెల్లారి పొయ్యిలకు చెక్క పొట్టు తెచ్చుకోను షాపుకు పోయిన. అక్కడ భీంరావు అని ఒకాయన చాయ్ కాస్తడు, ఊడుస్తడు. కుడిచేతికి బొటనవేలు, చిటికెనవేలు మాత్రం ఉన్నయి. ఆ రెండింటి నడుమనే గ్లాసు పట్టుకుంటడు. నేను చూస్తున్నది చూసి, "చూడు ఆజీ, మంచిగ చూడు. మీ రవి కంటే ముందు ఆ మిషను నాదే," అన్నడు.

పొట్టు గంప కింద పెట్టిన. రవి చేయి సంగతి అడిగిన. చెప్పిండు. నార ఎదురు తిరిగిన కాడ కత్తి పట్టుకొని చెక్కను ఇసిరికొట్టిందట. చెక్క పోయి ఎనుక రేకుకు తగిలి సొట్ట పడ్డది. నాకు సొట్ట చూపిచ్చిండు. చెక్క పోయినంక రవి చేయి ఖాళీగ కత్తి దిక్కే పోయి, బల్ల అంచుకు కొట్టుకొని ఆగిందట.

"జర అయితే నా జోడీ అవుతుండె," అన్నడు భీంరావు. అన్నంక నా మొఖం చూసి నవ్వు ఆపిండు. మెల్లగ చెప్పిండు, "ఆజీ, చెక్క మొదటిసారి ఎగిరినప్పుడు భయమైతది. అప్పుడు మనిషి జాగ్రత్తగ ఉండి చేయి బచాయించుకుంటడు. ఎగిరినా నవ్వొచ్చిన దినం చూసుకోవాలె. నేను నవ్విన వారంలనే దవాఖానల ఉన్న."

సేటుకు ఈ సంగతి చెప్పరాదా అంటే, "నాకు చాయ్ కాసే పనన్న ఇచ్చిండు," అన్నడు.

నిన్న నేను పొట్టు ఎత్తుకుంటుంటే మళ్ళొక చెక్క ఎగిరింది. నా కండ్ల ముందటనే. పోయి గోడకు తగిలింది. రవి దాన్ని ఏరుకొచ్చి, ఫర్మా పగిలిందా అని చూసుకొని, నా దిక్కు తిరిగి నవ్విండు. "ఎగిరే కుర్చీలు చేస్తున్నం అవ్వా," అన్నడు. భీంరావు నవ్వలే. కేతిలి దించి నా దిక్కు చూసిండు.

కోడలుకు చెప్పలే. పాలిచ్చే తల్లి, బెదురుకుంటది. రవికి చెప్తే, "ముసలిదానివి, ఊకె పరేషాన్ అయితవు," అంటడు. నిజమే, నేను అన్నిటికీ భయపడ్త. బస్సు ఆలస్యమైనా భయపడ్త, పిల్ల తుమ్మినా భయపడ్త. గందుకే నా మాట ఎవ్వరూ ఇనరు. గాని ఇది అట్లాంటిది కాదు తమ్మీ.

పుష్య అమావాస్యకు భీంరావు కేస్లాపూర్ జాతరకు పోతడు. సేటు కూడ ఊళ్ళ ఉండడు. ముహూర్తాలు దగ్గరపడ్డయి, ఆ దినం ఒక్కనివి కూసొని మిగిలిన కుర్చీ చేతులన్నీ చేసెయ్యమన్నడు. రవి తలూపిండు. తలుపులేసుకొని వాడొక్కడు, ఆ కత్తి ఒక్కటి. నేను ఆలోచన చెయ్యలే, నోటికొచ్చింది చెప్పిన: "ఆ దినం మీ మామ వస్తుండురా."

వాడు చేతుల ముద్ద ఆపిండు. "మామ వస్తుండా? నాకు చెప్పలేదే. అయితే ఆనాడు మిషను ముట్ట. మామ చూస్తే నా చెవు తెంపుతడు," అన్నడు. అప్పుడే సేటుకు ఫోన్ చేసి చెప్పిండు, ఆయన తిట్టి తిట్టి ఆఖరికి సరే అన్నడు. నా మాటకు ఆగనోడు నీ పేరుకు ఆగిండు తమ్మీ. ఇప్పుడు నువ్వు రాకుంటే నా మాట అబద్ధమైతది, వాడు పోయి స్విచ్చు ఏస్తడు.

నిన్ను అడగకుండ చెప్పిన, కోపం చేసుకోకు. వాన్ని ఊరికి తోలుకపొమ్మని అంటలేను. ఆ మిషను ముందట నిలబడి చూడు. ఆ మూత పెట్టి, చెక్కను తిప్పుకుంట రెండుమార్లు చేసే తొవ్వ ఉంటే వానితోని చేపియ్యి. లేదంటే నువ్వే చెప్పు, పని బంద్ పెట్టమని. నీ ఎదురుంగ వాడు తలెత్తడు.

మోకాలు నొప్పని ఆగకు, శ్రీనును తోడు తెచ్చుకో. కరీంనగర్‌ల బస్సు మారి పెద్దపల్లిల రైలెక్కు. జాతర రద్దీ ఉంటది, జాగ్రత్తగ ఎక్కు. జరంత చింతపండు తే. రవికి ఫోన్ చేస్తే "వస్తున్న" అని ఒక్క మాట అను, ఈ ఉత్తరం సంగతి ఎత్తకు.

చిన్నమ్మ కాళ్ళకు నా దండం పెట్టి, రవి మీద చెయ్యి పెట్టినట్టు అనుకొని దీవించమను. మరదలును అడిగినట్టు చెప్పు. శ్రీనుకు, వాని పెండ్లాంకు నా దీవెనలు. మేము మంచిగున్నం, రంది పెట్టుకోకు.

నీ అక్క
లచ్చవ్వ

పుష్య అమావాస్య ఆదివారం పడ్డది. శనివారం పొద్దు మూకకముందే ఇల్లు చేరాలె.